కుప్పం పిల్లను చూడబోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున లక్ష్మీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మదనపల్లెలో ఇడ్లీలు తిని బయల్దేరాలి. పుంగనూరులో అక్క మునీశ్వరిని బండి ఎక్కించుకోవాలి. కుప్పంలో ఒకరింటికి వెళ్ళి, కొడుకు భరత్‌ను ఆ ఇంటి అమ్మాయితో కాసేపు మాట్లాడించాలి. చీకటి పడకముందే తిరిగి ఇల్లు చేరాలి. ఇందులో పొరపాటు జరగడానికి సందు ఎక్కడుందో ఎంత వెదికినా కనిపించదు. కానీ లక్ష్మీపతి సంగతి తెలిసినవాళ్ళు ముందే ఒక దండం పెట్టుకునేవాళ్ళు.

లక్ష్మీపతి ఆవుల దళారి. చుట్టుపక్కల ఏ సంతలో చూసినా భుజం మీద తువ్వాలతో కనిపిస్తాడు. అమ్మేవాడి చేతిని, కొనేవాడి చేతిని ఆ తువ్వాల కింద పట్టుకుని, వేళ్ళు నొక్కి ధర తేలుస్తాడు. పక్కన నిలబడ్డవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. నోటితో ధర చెప్పడం ఆ వృత్తిలో తెలివితక్కువవాళ్ళ పని. పాతికేళ్ళుగా ఇదే అలవాటు కావడంతో, ఇంట్లో కూడా ఆయన ఏ విషయమూ పేరు పెట్టి చెప్పడు. "అది ఉండాదా?" అంటాడు. ఉప్పో, చెప్పులో, కరెంటు బిల్లో భార్య ఉషారాణి కనిపెట్టుకోవాలి.

ఈ మనిషికి రెండేళ్ళ కిందట పేరు పెట్టి చెప్పడానికి నోరురాని కష్టమే వచ్చిపడింది. ఒక్కగానొక్క కొడుకు భరత్‌కు షుగరు. ముసలివాళ్ళకు వచ్చేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం, టైప్ వన్. వేలు గుచ్చి షుగరు చూసుకోవాలి, అన్నం తినే ముందు ప్రతిసారీ ఇన్సులిన్ వేసుకోవాలి. ఇది మొగుడికీ పెళ్ళానికీ ఆస్పత్రివాళ్ళకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. సొంత అక్క మునీశ్వరికి కూడా టైఫాయిడ్ అని చెప్పారు. బయటపడితే రేపు పిల్లోడికి పిల్లనెవరిస్తారని లక్ష్మీపతి భయం. అప్పటికి పిల్లోడికి పదమూడేళ్ళు.

పొద్దునా రాత్రీ ఇంట్లో తల్లి ఎదురుగా కాబట్టి భరత్ బుద్ధిగానే సూది వేసుకునేవాడు. చిక్కంతా మధ్యాహ్నమే. ఇప్పుడు పదో తరగతి. షుగరంటే తాతల జబ్బనీ, తెలిస్తే బడిలో తనను తాతా అని పిలుస్తారనీ వాడికి గట్టి నమ్మకం. అందుకని సూది బ్యాగులోనే ఉండిపోయేది, అన్నం మాత్రం కడుపులోకి పోయేది. పోయిన నెల బడిలో వాంతులు చేసుకుని, ఆయాసపడుతూ పడిపోయాడు. ఐసీయూ నుంచి బయటికి తెచ్చాక డాక్టరు లక్ష్మీపతిని పక్కకు పిలిచి, మధ్యాహ్నం సూది మానితే ఈసారి పిల్లోడు దక్కుతాడని చెప్పలేనన్నాడు. లక్ష్మీపతి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

తర్వాత ప్రోత్సాహ కార్యక్రమం మొదలైంది. సైకిలు కొనిస్తానన్నాడు. భరత్ సైకిలు తొక్కాడు గానీ సూది వేసుకోలేదు. ఉషారాణి ఏడ్చింది. వాడూ ఏడ్చాడు, సూది మాత్రం వేసుకోలేదు. ఎవరో చెప్పారని ఫోనులో ఒక మోటివేషన్ వీడియో పెట్టారు. అందులో ఒకాయన అవిటి కాలుతో మంచుకొండ ఎక్కి జెండా పాతాడు. భరత్ మొత్తం చూసి, ఆయన అంత చలిలో స్నానం ఎట్లా చేశాడని అడిగాడు.

ఆస్పత్రిలో ఇలాంటి పిల్లలకు సూదులూ తిండీ నేర్పించే నర్సు తబితమ్మ చివరికి ఒక దారి చూపించింది. పెద్దవాళ్ళు చెబితే ఈ వయసు పిల్లల చెవికెక్కదనీ, అదే జబ్బుతో బాగా బతుకుతున్నవాళ్ళు చెబితే ఎక్కుతుందనీ ఆమె అనుభవం. కుప్పంలో వసుధ అని ఒకమ్మాయి ఉంది. చిన్నప్పటి నుంచి ఇదే జబ్బు, ఇదే ఆస్పత్రి. ఇప్పుడు గ్రానైట్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఒక్క పూట కూడా సూది మానదు. తబితమ్మ ఆ అమ్మాయి తండ్రి నారాయణప్ప నంబరు ఇచ్చి, విషయం వివరంగా చెప్పి మాట్లాడమంది.

వివరంగా చెప్పడం అనే విద్య లక్ష్మీపతికి రాదని పాపం ఆమెకు తెలియదు. ఆయన ఫోను పట్టుకుని మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నారాయణప్పన్నా, నేను మదనపల్లె నుంచి లక్ష్మీపతిని. మాకొక పిల్లోడు ఉండాడు. మీ పాపను ఒకసారి చూసి, మాట్లాడి పోదామని."

 అవతలి నుంచి నారాయణప్ప జాగ్రత్తగా అడిగాడు. "మా పాప సంగతి మీకు ఎవురు చెప్పినారు?"

"ఆస్పత్రిలో తెలిసిందన్నా. ఆ విషయం మాకు తెలుసు. అది తెలిసే వస్తాండాం. మావాడికీ అదే ఉండాది."

"మీవాడికీనా?" అన్నాడు నారాయణప్ప. "పిల్లోడు ఎట్లాంటోడప్పా?"

"తెలివైనోడేన్నా. మాట వినడు, అంతే. మీ పాప మాదిరి పిల్ల నాలుగు మాటలు చెప్తే దారిలో పడతాడని మా ఆశ."

కొడుకుల గురించి తండ్రులు పెళ్ళివాళ్ళ దగ్గర ఏం చెబుతారో సరిగ్గా అదే చెప్పానని లక్ష్మీపతికి తట్టలేదు. దినం మంచిదేనా చూసుకున్నారా అని నారాయణప్ప అడిగితే, ఆదివారం తనకు సంత లేదు కాబట్టి చాలా మంచి దినమని జవాబిచ్చాడు. భోజనం ఇక్కడే చేయాలని ఆయన బలవంతపెట్టినప్పుడు కూడా కుప్పంవాళ్ళు మర్యాదస్తులని సంతోషించాడు. ఫోను పెట్టేశాక నారాయణప్ప దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదన్న సంగతి ఆయనకు తర్వాతెప్పుడో తెలిసింది. వసుధకు అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ, ఆస్పత్రిలో చూసినవాళ్ళెవరో చెవిలో ఊదగానే, మళ్ళీ గడప తొక్కకుండా పోయాయి. తెలిసి తెలిసి వస్తామన్నది లక్ష్మీపతి ఒక్కడే.

ఇక మునీశ్వరి సంగతి. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంటికి ఒక పెద్దావిడ కూడా వెంట వస్తే బాగుంటుందని ఉషారాణి అంది. అక్కకు ఫోను చేసిన లక్ష్మీపతి, "కుప్పంలో ఒక పాపను చూసేదుండాది, నువ్వు కూడా రా," అని ఊరుకున్నాడు. మునీశ్వరి కొడుకు సాయికుమార్ బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి మూడేళ్ళుగా సంబంధాలు వెదుకుతోంది. తమ్ముడు ఏదీ నోరు తెరిచి చెప్పడు కాబట్టి మిగతాది తనే పూరించుకుని, తమ్ముడంటే ఇట్లా ఉండాలని వీధంతా చెప్పుకుంది. భరత్‌కేమో కుప్పంలో ఒక ఆవును చూడటానికని చెప్పారు. నిజం చెబితే వాడు రాడు. అలా ఒకే బండిలో ఒకరు కోడలిని, ఒకరు ఆవును, తల్లిదండ్రులు దారి చూపించే మనిషిని చూడటానికి బయల్దేరారు.

పుంగనూరులో మునీశ్వరి పట్టుచీరతో, పెద్ద బుట్టతో ఎక్కింది. బుట్టలో అరటిపండ్లు, తమలపాకులు, టెంకాయలు, మూరల కొద్దీ మల్లెపూలు. ఒకరింటికి వెళ్ళేటప్పుడు వట్టి చేతులతో పోకూడదని అక్కకున్న పద్ధతి చూసి లక్ష్మీపతి ముచ్చటపడ్డాడు. పలమనేరు దాటాక ఆమె, పిల్ల ఎత్తెంతని అడిగింది. తెలియదన్నాడు. రంగు అడిగింది. అదీ తెలియదన్నాడు. ఏమీ తెలుసుకోకుండా ఎట్లా బయల్దేరావని ఆమె విసుక్కుంటే, భరత్ వెనక సీటు నుంచి, అన్నీ చూసే కదత్తా కొనేది అన్నాడు. మునీశ్వరి వాడిని ఎగాదిగా చూసి, పెద్దవాళ్ళ మాటల్లో దూరొద్దని కసిరింది.

కుప్పం పొలిమేరలో లక్ష్మీపతి నారాయణప్పకు ఫోను చేసి, ఊరు చేరామనీ, పది నిమిషాల్లో ఇంట్లో ఉంటామనీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే మునీశ్వరి గడియారం చూసుకుని బండి ఆపమంది. పన్నెండు కావస్తోంది. ఆదివారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా యమగండం. శుభం మాట్లాడబోయే ఇంట్లో ఆ వేళకు కాలు పెడితే తన కొడుకు ఏమైపోవాలని అడిగింది. సాయికుమార్‌కూ ఈ ప్రయాణానికీ సంబంధమేమిటో లక్ష్మీపతికి అర్థం కాలేదు. కానీ అక్కతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు. పోనీ ఆలస్యమవుతుందని వాళ్ళకు ఫోను చేద్దామంటే, గండం మాట ఆడపిల్లవాళ్ళ చెవిన వేస్తే అపశకునం అంటూ ఆమె ఫోను లాక్కుని బుట్టలో, మల్లెపూల కింద పెట్టేసింది.

టీ అంగడి ముందు బండిలో కూర్చున్నారు. ఉషారాణి తన చేతిసంచి కొడుకు వైపు జరిపి, కండ్లతోనే షుగరు చూసుకోమంది. అత్త పక్కనే ఉందని భరత్ కండ్లతోనే వద్దన్నాడు. ఆ మూగ భాష అర్థమైన లక్ష్మీపతి చూపు తిప్పుకున్నాడు. ఇంకెంత, కాసేపట్లో ఆ అమ్మాయిని చూస్తాడు, బాగుపడతాడని తనకు తనే చెప్పుకున్నాడు.

ఒకటిన్నర దాటాక నారాయణప్ప ఇంటి ముందు దిగేసరికి, వాకిట్లో పెద్ద ముగ్గు, లోపల ఇరవైమంది బంధువులు. నర్సు చెప్పిన అమ్మాయితో మాట్లాడటానికి ఇంత జనం ఎందుకో లక్ష్మీపతికి బోధపడలేదు. నారాయణప్ప ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఆయన కండ్లు బండి వైపు, తలుపు వైపు, మళ్ళీ బండి వైపు తిరిగాయి. "పిల్లోడు?" అన్నాడు మెల్లగా.

లక్ష్మీపతి భరత్‌ను చూపించబోయేలోగా మునీశ్వరి ముందుకు వచ్చింది. మావాడికి బెంగుళూరులో సెలవు దొరకలేదనీ, ముందు పెద్దవాళ్ళం చూసి వెళ్దామని వచ్చామనీ చెప్పి, ఫోనులో సాయికుమార్ ఫోటో తీసి చేతికిచ్చింది. ఫోటో చేతులు మారుతూ వంటింటి దాకా వెళ్ళి వచ్చింది. పిల్లోడు బాగున్నాడని ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. భరత్ తండ్రి చెవిలో, ఆవు యాడుండాది నాయనా అన్నాడు.

అప్పుడు లక్ష్మీపతికి వెలిగింది. మల్లెపూల బుట్ట, యమగండం, దినం మంచిదేనా అన్న ప్రశ్న అన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. ఇప్పుడు నిజం చెప్పాలంటే, నేను వచ్చింది నా కొడుకు జబ్బు గురించి అని ఇరవైమందిలో, అక్క ఎదురుగా, కొడుకు ఎదురుగా చెప్పాలి. చెప్పకపోతే ఈ పెద్దమనిషిని, లోపల ముస్తాబై కూర్చున్న ఆ పిల్లను నిలువునా మోసం చేసినట్టు. మంచినీళ్ళు అడిగి తాగాడు. మళ్ళీ అడిగాడు.

ఈలోగా నారాయణప్ప భార్య చిన్నమ్మ మునీశ్వరి పక్కన చేరింది. చాలా ఏళ్ళకు గుండె మీది బరువు దిగిన మనిషి ఆమె. గుసగుసగా, "మీవాడికీ మా పాప మాదిరే అంట కదా వదినా. ఒకరి కష్టం ఒకరికి తెలుస్తాది. ఒకరికొకరు సూది ఏసుకొని సుఖంగా ఉంటారు," అంది.

"సూదేంది?" అంది మునీశ్వరి. ఆమెకు గుసగుసలు రావు.

"అదే... షుగరు."

"మా సాయికి షుగరా? రాయి మాదిరి ఉండాడు నా కొడుకు. ఎవురు చెప్పినారు ఈ మాట?"

 అందరూ నారాయణప్పను చూశారు. ఆయన లక్ష్మీపతిని చూశాడు. లక్ష్మీపతి చేయి అలవాటుగా భుజం మీది తువ్వాల కిందికి దూరింది గానీ, అక్కడ పట్టుకోవడానికి ఎవరి వేళ్ళూ లేవు. నోరు తెరిచాడు.  సరిగ్గా అప్పుడు, ఈ గొడవ తెలియని ఎవరో లోపలి నుంచి, పాపను పిల్చుకొస్తాండాం అన్నారు.

వసుధ కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. కప్పులు గలగలమంటున్నాయి. పిల్ల సిగ్గుపడుతోందని ఒకావిడ మెచ్చుకుంది. నుదుటి మీద చెమట చూసి, పట్టుచీర కదా ఉక్కపోత అని ఇంకొకావిడ విసనకర్ర అందుకుంది. వసుధ భరత్ ముందుకు వచ్చి కప్పు అందించబోయింది. అది వాడి చేతికి జానెడు దూరంలో గాలిలో పెట్టి వదిలేసింది. కప్పు పగిలింది. ఆమె దాని వంక చూసింది గానీ, అది కప్పని గుర్తుపట్టినట్టు లేదు.

భరత్ లేచి నిలబడ్డాడు. పళ్ళెం తీసి నాయన ఒళ్ళో పెట్టి, ఆమెను కింద కూర్చోబెట్టాడు. "అమ్మా, సంచీ ఇట్లియ్యి. ఈయక్కకు షుగరు పడిపోయి లో అయితాండాది."

ఉషారాణి సంచి విసిరినట్టే ఇచ్చింది. వాడు షుగరు చూసే మిషన్ తీసి, వసుధ వేలు గుచ్చి, రక్తం చుక్క స్ట్రిప్పుకు అంటించాడు. నలభై ఎనిమిది. డెబ్బై అయినా ఉండాలి. చిన్నమ్మ ఏడుస్తూ లడ్డు పట్టుకొచ్చింది. వాడు వద్దన్నాడు. నెయ్యి ఉన్నది తొందరగా ఎక్కదు, వట్టి చక్కెర కావాలన్నాడు. నీళ్ళలో చక్కెర కలిపి గ్లాసు ఆమె నోటికి ఆనించి, మింగక్కా, ఇంకొంచెం మింగు అంటూ తాగించాడు. అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక ముసలావిడ గడపలో నిలబడి ఈ దృశ్యం చూసి, పిల్లోడు మరీ చిన్నోడుగా ఉండాడే అని దిగులుపడింది. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

నారాయణప్ప కూతురి పక్కన చతికిలబడ్డాడు. "ఇది లో అని నీకెట్లా తెలుసప్పా?"

"నాకూ ఉండాది," అన్నాడు భరత్, గ్లాసు మీది నుంచి చూపు తిప్పకుండా. "రెండేండ్లయింది. నాకూ ఇట్లే చేతులు వణుకుతాయి, చెమట పోస్తాది. ఎదురుగా ఉండేది సరిగ్గా కనపడదు."

లక్ష్మీపతి రెండేళ్ళు తువ్వాల కింద దాచిన మాట అది. వాడు అంతమందిలో, చక్కెర కలుపుతూ కలుపుతూ అనేశాడు. ఇంటి కప్పేమీ కూలలేదు. ఆయనకు కొడుకును చూస్తే గర్వంగా ఉంది, తనను తాను చూసుకుంటే సిగ్గుగా ఉంది. ఒళ్ళో ఉన్న కాఫీ పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. సంతలో ఆవు తాడు తెంచుకున్నప్పుడు కూడా రానంత గట్టిగా గొంతు వచ్చింది.

"అన్నా, తప్పు నాదే. షుగరు మా భరత్‌కి. మీ పాప బాగా సూసుకుంటాదని నర్సమ్మ చెప్తే, మావాడికి ధైర్యం చెప్పిస్తామని వచ్చినా. పెండ్లి మాట నా మనసులో లేదు. పేరు పెట్టి చెప్పలేక మిమ్మల్ని ఇంత ఆశపెట్టినా."

 నారాయణప్ప కోప్పడినా బాగుండేది. పైపంచెతో మొహం తుడుచుకుని, చిన్నమ్మ వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. బంధువుల్లో కొందరు చెప్పుల కోసం చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో మొదట నవ్వింది వసుధే. చక్కెర ఒంటికి పట్టి, కండ్లలోకి చూపు వచ్చింది. ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్న భరత్‌ను, వాడి మూతి మీద అప్పుడే మొలుస్తున్న నూగును చూసింది.

"నీకెన్నేండ్లప్పా?"

"పదహైదు."

"అయితే నాయనా, ఈ సంబంధానికి కొన్నాళ్ళు ఆగాల," అంది తండ్రితో. నారాయణప్ప భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కాసేపు తెలియలేదు. తర్వాత నవ్వే అని తేలింది.

అప్పుడు జరగవలసిన ప్రోత్సాహం జరిగింది. లక్ష్మీపతి అనుకున్నట్టు మాత్రం కాదు. సూది వేసుకుని తినకుండా ఎందుకు కూర్చున్నావని భరత్ నిలదీశాడు. వసుధ జరిగింది చెప్పింది. వచ్చేస్తున్నామని ఫోను రాగానే, వాళ్ళు వస్తే మళ్ళీ చాటు దొరకదని తల్లి వెనకగదిలో సూది వేయించింది. తర్వాత గంటన్నర ఎవరూ రాలేదు. పెళ్ళివాళ్ళ కంటే ముందు పిల్ల తినకూడదని పెద్దమ్మలు ఒక్క ముద్ద కూడా తిననివ్వలేదు. తనకు జబ్బుందని వాళ్ళకు తెలియదు, చెప్పడానికి తనకు నోరు రాలేదు. మునీశ్వరి ఇది విని బుట్ట వైపు చూసి, చూపు దించుకుంది.

"మరి ఆఫీసులో ఎట్లా?" అన్నాడు భరత్.

"బాత్రూములో ఏసుకుంటా. ఎవురూ సూడకుండా."

"బాత్రూములోనా? థూ. ఆడ సూది ఏసుకుంటారా ఎవురన్నా?"

"నువ్వు బడిలో యాడ ఏసుకుంటావు?"

భరత్ నేల చూపులు చూశాడు. "నేను ఏసుకోను. తాతా అంటారు."

వసుధకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. బాత్రూములోనైనా తాను ఒక్క పూట మానలేదనీ, మానితే ఏమవుతుందో తెలుసా అనీ అడిగింది. తెలుసు, ఐసీయూలో ఉండి వచ్చానన్నాడు. తెలిసీ మానేవాడు తనకు నీతులు చెబుతాడా అంది. తెలిసీ ఆకలితో కూర్చున్నదానికంటే తానే నయమన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటుంటే అడ్డం రాబోయిన లక్ష్మీపతిని ఉషారాణి చేయి పట్టి ఆపింది. రెండేళ్ళుగా ఎవరు చెప్పినా తల వంచుకుని ఊ అనడం తప్ప, వాడు ఈ జబ్బు గురించి నోరు విప్పి పోట్లాడటం ఆమె చూడలేదు. తిట్లు అయిపోయాక ఒక ఒప్పందం కుదిరింది. రేపటి నుంచి మధ్యాహ్నం ఇద్దరూ నలుగురిలోనే సూది వేసుకోవాలి. వేసుకున్నాక ఫోటో పంపాలి. ముందు మానినవాళ్ళే చేతగానివాళ్ళు. బడిలో ఫోను కుదరదు కాబట్టి ఇంటికి రాగానే భరత్ ఫోను చేసి చెప్పాలి.

రేపటి దాకా ఎందుకని, వంట చల్లారక ముందే హాల్లో రెండు ఆకులు పక్కపక్కన వేయించింది వసుధ. ఇద్దరూ షుగరు చూసుకున్నారు, తినబోయేదానికి లెక్క చూసుకున్నారు, అందరి ముందూ సూదులు వేసుకున్నారు. బంధువులు గుడ్లప్పగించి చూశారు. చెప్పులు వెదుక్కున్నవాళ్ళు కూడా వెనక్కి వచ్చి కూర్చున్నారు. గడపలో దిగులుపడ్డ ముసలావిడ, ఇంతేనా, నేను మందులు మింగేదాంట్లో సగం కష్టం లేదే అంది.

బయల్దేరేటప్పుడు మునీశ్వరి వసుధకు బొట్టు పెట్టి, మల్లెపూలన్నీ జడలో తురిమి, వాటి కింది ఫోను తమ్ముడికిచ్చి, బుట్ట అక్కడే వదిలేసింది.  పలమనేరు దాటాక బండిలో తమ్ముడి మీద విరుచుకుపడింది. టైఫాయిడ్ అని నమ్మి, వచ్చిన ప్రతిసారీ పిల్లోడికి తన చేత్తో మైసూరుపాకులు పెట్టింది. సొంత అక్కను పరాయిదాన్ని చేసి, తన చేత్తోనే పిల్లోడికి విషం పెట్టించాడని ఏడ్చింది. 

"విషం కాదత్తా," అన్నాడు భరత్. "సూది ఏసుకొని తింటే ఏంగాదు. నేనే ఏసుకోలేదు."

మునీశ్వరి కండ్లు తుడుచుకుంది. ఇంటికి వస్తే ముందు సూది, తర్వాతే మైసూరుపాకు అని వాడి చేత ఒట్టు వేయించుకుంది. ఆ మధ్యాహ్నం తనకు షుగరు వచ్చి తగ్గిపోయిందనీ, ఒక సంబంధం వచ్చి దాటిపోయిందనీ సాయికుమార్‌కు ఎవరూ చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం లక్ష్మీపతి సంతకు పోలేదు. బడి గేటుకు ఎదురుగా, జెరాక్స్ అంగడిలో నిలబడి గోడ మీది నుంచి చూశాడు. పిల్లలు వేపచెట్టు కింద కేరేజీలు విప్పారు. భరత్ చాలాసేపు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లక్ష్మీపతి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత వాడు వేలు గుచ్చుకున్నాడు, చొక్కా పైకి లాగి సూది వేసుకున్నాడు. పక్కవాడు వంగి చూశాడు.  పక్కవాడు ఏదో అడిగాడు, భరత్ ఏదో చెప్పాడు, పక్కవాడు చేయి చాచి భరత్ కేరేజీలోంచి ఆమ్లెట్ ముక్క తుంచుకుని తిన్నాడు. లక్ష్మీపతికి కండ్లలో నీళ్ళు తిరిగాయి. జెరాక్స్ అంగడివాడు ఏమైందని అడిగితే, మొదటిసారి దాచకుండా, "మా పిల్లోనికి షుగరప్పా, సూది ఏసుకున్నాడు," అని చెప్పాడు.

సాయంత్రం భరత్ కుప్పానికి ఫోను చేశాడు. ఆఫీసులో ఏమన్నారని అడిగాడు. ఒకరి పుట్టినరోజు కేకు కోస్తుంటే అందరి ముందూ వేసుకున్నానని, నా వాటా కేకు తినననుకుని ఇద్దరు దాని మీద చేయి వేశారని, చేతుల మీద కొట్టి లాక్కున్నానని వసుధ చెప్పింది. మరి బడిలో ఏమన్నారని ఆమె అడిగింది. నొప్పి పెడుతుందా అని ఒకడు అడిగాడు, అంతటితో అందరూ క్రికెట్‌లో పడిపోయారన్నాడు.

"తాతా అన్నారా?"

"ఎవురూ ఏమీ అనలేదక్కా," అన్నాడు భరత్, కాస్త చిన్నబుచ్చుకుని.